డ్రిల్లు మాస్టారి అనుమానం

నందిగామ హైస్కూల్లో ఆశీర్వాదం గారి దగ్గర డ్రిల్లు నేర్చుకున్న వాళ్ళెవరిని అడిగినా ముందుగా ఒక మాట చెబుతారు. మాస్టారు ఎదుటి మనిషి ముఖం కంటే కాళ్ళే ఎక్కువ చూస్తారని. చెడుగుడు నేర్పేవాడికి అది తప్పదు. కూతకు వచ్చినవాడు కళ్ళతో ఎటైనా చూడొచ్చు గాని, ఎటు దూకబోతున్నాడో మడమ ముందే చెప్పేస్తుంది. ఏళ్ళ తరబడి అదే చూసి చూసి ఆయనకు బడి బయట కూడా అదే అలవాటైంది. జ్వరమని సెలవు చీటీ తెచ్చిన పిల్లవాడి మాట నమ్మాలా వద్దా అన్నది వాడు నిలబడ్డ తీరును బట్టి తేల్చేవారు. “చర్చిలో పాస్టరుగారి కాళ్ళ వంక కూడా అట్టాగే చూస్తారు మీరు” అని భార్య సౌభాగ్యమ్మ విసుక్కునేది.

ఆయన చేతికింద తయారైన ఆటగాళ్ళలో తిరుపతిరావును మించినవాడు లేడు. దశరథరామయ్య గారి రెండో కొడుకు. నందిగామ చుట్టుపక్కల ఆ కుటుంబానికున్నంత మాగాణి మరొకరికి లేదు. కుర్రవాడికి పొలం పట్టలేదు, ఆటే పట్టింది. కూత తీశాడంటే అవతలి జట్టు మొత్తం వెనక గీతకు అతుక్కుపోయేది. ఒక్క గుణం మాత్రం మాస్టారికి నచ్చేది కాదు. తనకు చెయ్యి తగిలిందని తెలిసినా ఈల పడేదాకా బరిలోంచి కదిలేవాడు కాదు. “రిఫరీ చూడలేదు కదండీ” అనేవాడు నవ్వుతూ.

పంతొమ్మిది వందల యాభై ఆరు మార్చిలో జగ్గయ్యపేటలో పోటీలు జరిగాయి. చివరి ఆట నందిగామ జట్టుకూ, పేటలోని పత్తి మిల్లు కూలీల జట్టుకూ పడింది. మిల్లు జట్టులో ప్రేమదాసు అనే ఇరవై రెండేళ్ళ కుర్రవాడున్నాడు. మిల్లులో బేళ్ళు మోసేవాడు. ఆఖరి కూతకు వెళ్ళిన తిరుపతిరావు చీలమండను అతను రెండు చేతులా దొరకబుచ్చుకుని కూత తెగేదాకా వదల్లేదు. నందిగామ ఓడిపోయింది. పావుగంట తర్వాత ప్రేమదాసు షామియానా వెనక తొట్టి దగ్గర వంగి ముఖం కడుక్కుంటుంటే, తిరుపతిరావు అక్కడ పడి ఉన్న గునపం తీసి వెనక నుంచి తల మీద కొట్టాడు. ప్రేమదాసు లేవలేదు. పెద్దాసుపత్రికని బెజవాడ తీసుకెళ్తుంటే కంచికచర్ల దాటకముందే ప్రాణం పోయింది.

నీళ్ళు తాగడానికి వచ్చిన ఆశీర్వాదం గారు పది గజాల దూరంలో నిలబడి అంతా చూశారు.

వారం తిరక్కముందే దశరథరామయ్య గారు ఆయన ఇంటికి వచ్చారు. అంతకు ముందెప్పుడూ ఆ గడప తొక్కలేదు. వాకిట్లో వేసిన కుర్చీలో కూర్చుని, సౌభాగ్యమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా పక్కన పెట్టారు.

“మీరు అటు తిరిగి ఉన్నానని చెబితే చాలు మాస్టారూ. అబద్ధం కూడా ఆడక్కర్లా. చూశానో లేదో గుర్తు లేదనండి.”

“గుర్తుందండి” అన్నారు ఆశీర్వాదం గారు.

బందరు సెషన్సు కోర్టులో కూడా అదే చెప్పారు. ముందుగా అనుకుని చేసింది కాదనీ, ఆవేశంలో జరిగిందనీ తిరుపతిరావు తరపు ప్లీడరు వాదించి హత్యానేరాన్ని నరహత్య కిందికి దింపించాడు. ఏడేళ్ళ శిక్ష పడింది. తిరుపతిరావును రాజమండ్రి జైలుకు పంపారు. ఆ వేసవిలోనే ఆశీర్వాదం గారికి మైలవరం బదిలీ అయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. తిరిగి నందిగామ రావడానికి ఐదేళ్ళు పట్టింది.

ఆయన వచ్చిన మరుసటేడు తిరుపతిరావు కూడా వచ్చేశాడు. సత్ప్రవర్తన కింద శిక్ష తగ్గించారట. ఒళ్ళు సగమైంది గాని కూత మాత్రం పోలేదు. జైల్లో కూడా ఆడేవాడని చెప్పుకున్నారు. ఈ ఆరేళ్ళలో నందిగామ జట్టు ఒక్క కప్పు కూడా గెలవలేదు. అందుకని పోటీలు నడిపే కమిటీ పెద్దలకు జాలి తొందరగానే కలిగింది. తప్పు చేసినవాడు శిక్ష అనుభవించి వచ్చాడు, ఇంకా ఎంతకాలం దూరంగా పెడతాం అన్నారు. ఆటకు ముందు జనానికి క్షమాపణ చెప్పుకుంటే సరిపోతుందని తీర్మానించారు.

నందిగామ పోటీలకు ఆశీర్వాదం గారే రిఫరీ. తిరుపతిరావు మధ్య గీత దగ్గరకు వచ్చి, వంగి మట్టి తీసుకుని కళ్ళకద్దుకుని, చేతులు జోడించి తలవంచాడు.

“నా వల్ల ఒక పొరపాటు జరిగిపోయింది. పెద్దలు క్షమించాలి” అన్నాడు. గొంతు జీరబోయింది.

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. మైకులో కమిటీ పెద్ద పశ్చాత్తాపం గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డ మాస్టారు మాత్రం తిరుపతిరావు కళ్ళను చూశారు. వంచిన తల కిందనుంచి ఆ కళ్ళు అవతలి జట్టు కాళ్ళ మీద ఒక చివరి నుంచి మరో చివరకు వెళుతున్నాయి. ఎవడు ఏ కాలు ముందుకు వేసి నిలబడ్డాడో చూసుకుంటున్నాడు. ఆ కిటుకు నేర్పింది ఆయనే. మొదటి కూతలోనే తిరుపతిరావు ఇద్దరిని తాకి వచ్చాడు.

ఆ రోజు నుంచి మాస్టారికి మనసు మనసులో లేదు. కంచికచర్లలో ఆట ఉందంటే వెళ్ళారు. మైలవరంలో ఉందంటే బస్సెక్కి వెళ్ళారు. ప్రతిచోటా అదే మట్టి, అవే మాటలు. గొంతు కూడా ‘పొరపాటు’ దగ్గరే జీరబోయేది. రెడ్డిగూడెంలో ఎవరో పూలదండ కూడా వేశారు.

“ఏడిస్తే నాటకమంటారు, ఏడవకపోతే రాతి గుండె అంటారు. ఆ పిల్లోడు ఏం చేస్తే మీరు నమ్ముతారు?” అని సౌభాగ్యమ్మ అడిగింది.

 “చచ్చిపోయినవాడి తల్లి దగ్గరికి వెళ్ళాడో లేదో కనుక్కుంటా” అన్నారు మాస్టారు.

ప్రేమదాసు తల్లి లూర్దమ్మ జగ్గయ్యపేటలో మిల్లు వెనక వాడలో ఉంటుంది. మాస్టారు వెళ్ళేసరికి మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు ఆయన తుమ్ముతుంటే పీట జరిపి గాలి వచ్చే వైపు వేసింది. కోర్టులో సాక్ష్యం చెప్పిన మనిషిగా ఆయన్ని బాగానే గుర్తు పట్టింది.

“వాడు నీ దగ్గరికి వచ్చాడా అమ్మా?”

“వచ్చాడు మాస్టారూ. జైల్లోంచి వచ్చిన పది రోజులకి. వాళ్ళ నాయన బియ్యం బస్తా, కోక పట్టుకుని ఎనకాలే వచ్చాడు. బస్తా బండి దించనియ్యలా. పెద్దాయన్ని బయటే ఉండమని, పిల్లోణ్ణి ఒక్కణ్ణే లోపలికి రమ్మన్నా.”

“ఏమన్నాడు?”

“కాళ్ళ మీద పడ్డాడు. నా కాడ ఏడిత్తే ఎవురు చూత్తారయ్యా అన్నా. నువ్వు ఆడతావు గదా, ఆడుకో. ఆడే ప్రతిచోటా ముందు నా కొడుకు పేరు చెప్పు. ఆణ్ణి నేనే చంపానని చెప్పు. చెప్పినాక ఆడుకో అన్నా. అట్టాగేనమ్మా అని నా చేతిలో చెయ్యేశాడు.”

 ఆశీర్వాదం గారు నాటకమనుకున్నది ఈ తల్లి పెట్టిన షరతు. అయితే ఆ షరతులో అసలు ముక్క ఎక్కడో జారిపోయింది.

“చెబుతున్నాడా మాస్టారూ?” అంది లూర్దమ్మ, చేతిలో కాయ వంక చూస్తూనే.

“చేతులు జోడిస్తున్నాడు. క్షమించమంటున్నాడు.”

“పేరు?”

“లేదమ్మా.”

లూర్దమ్మ మరో నాలుగు కాయలకు తొడిమలు తీసింది. “వచ్చే ఆదివారం పేటలో ఆటంట గదా. మా మిల్లోళ్ళతోనే. నేను ఎప్పుడూ పోలా. ఈసారి వత్తా” అంది.

ఆ వారమంతా మాస్టారికి అదే ఆలోచన. తల్లి వస్తోందని వాడికి చెబితే ఆమెను చూసి చెబుతాడు, అప్పుడా మాటకు విలువేముంది? చెప్పకపోతే ఆమె మైదానం దాకా వచ్చి, జనం చప్పట్లు విని వెళ్ళిపోతుంది. రెండూ ఆయనకు నచ్చలేదు. చివరికి చెప్పకూడదనే అనుకున్నారు.

పేట ఆటకూ ఆయనే రిఫరీ. ఆదివారం ఉదయం ప్రార్థన కాగానే బస్సెక్కారు. బస్సు కదలబోతుంటే తిరుపతిరావు ఎక్కి, ఎక్కడెక్కడో ఖాళీలున్నా వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది.

“మీరు నన్ను నమ్మటం లేదండి మాస్టారూ” అన్నాడు తిరుపతిరావు.

“నమ్మటం నా పని కాదు. ఈల వెయ్యటం నా పని.”

“ఆడిన ప్రతిచోటికీ వస్తున్నారు. చూస్తున్నా.”

“నేనూ చూస్తున్నా. దణ్ణం పెడుతూ కాళ్ళు లెక్కపెడుతున్నావు.”

తిరుపతిరావు కాదనలేదు. “తల వంచితే కనపడేవి కాళ్ళే కదండీ. చిన్నప్పట్నించీ మీరు చూడమన్నవి. చూడకుండా ఉండలేకపోతున్నా.”

అది నిజమే కావచ్చు. సాకు కూడా కావచ్చు. మాస్టారు కిటికీలోంచి కంది చేల వంక చూస్తూ అడిగారు. “లూర్దమ్మ చేతిలో చెయ్యేసి ఏమని మాటిచ్చావ్?”

 తిరుపతిరావు ముందు సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు.

“మా నాన్న వద్దన్నాడండి. పేరెత్తితే మళ్ళీ గొడవలవుతాయన్నాడు. మొదటిసారి నందిగామలో చెప్పాలనే గీత దగ్గరికి వెళ్ళా. నోట్లోంచి పొరపాటు అని వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.” ఆగాడు. “పేరు చెబితే కొట్టరు మాస్టారూ.”

లూర్దమ్మ వస్తున్న సంగతి మాస్టారికి అప్పుడు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

పేటలో మైదానం చుట్టూ తాళ్ళు కట్టారు. మిల్లు వైపు జనం ఎక్కువగా ఉన్నారు. వాళ్ళెవరూ చప్పట్లు కొట్టడానికి వచ్చినట్టు లేరు. ఆడవాళ్ళ మధ్య ముందు వరసలో లూర్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. కుర్చీల్లో కమిటీ వాళ్ళ పక్కన దశరథరామయ్య గారున్నారు.

తిరుపతిరావు గీత దగ్గరికి వచ్చాడు, మట్టి తీసి కళ్ళకద్దుకున్నాడు. “నా వల్ల ఒక పొరపాటు జరిగిపోయింది” అన్నాడు. నందిగామ నుంచి వచ్చిన వాళ్ళు అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టారు. అతను ఇంకా తలెత్తలేదు. ఎత్తాక ఎటు చూశాడో, ఆడవాళ్ళ వైపు చూశాడో లేదో, ఇరవై అడుగుల దూరంలో ఉన్న మాస్టారికి అందలేదు. ఆ క్షణాన ఆయన చూపు మళ్ళీ కాళ్ళ మీదే ఉంది.

“పొరపాటు కాదండి” అన్నాడు తిరుపతిరావు. ఈసారి గొంతు జీరబోలేదు, బొంగురుగా ఉంది. “ప్రేమదాసు అని, ఈ మిల్లులో బేళ్ళు మోసేవాడు. నన్ను పట్టుకుని ఓడించాడు. ముఖం కడుక్కుంటుంటే వెనక నుంచి గునపంతో కొట్టా. నేనే చంపా.”

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మైకు పట్టుకున్న కమిటీ పెద్ద ఏదో అనబోయి మైకు కట్టేశాడు. దశరథరామయ్య గారు కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మిల్లు జట్టువాళ్ళు బరిలోకి దిగకుండా లూర్దమ్మ వైపు చూశారు. 

“ఆడండయ్యా” అంది లూర్దమ్మ.

మాస్టారు ఈల వేశారు. ఆట నడిచింది. నందిగామ రెండు పాయింట్లతో గెలిచింది గాని తిరుపతిరావును ఎవరూ భుజాల మీదికి ఎత్తుకోలేదు. కప్పు జట్టులో చిన్నవాడెవడో తీసుకున్నాడు.

జనం పలచబడ్డాక మాస్టారు లూర్దమ్మ దగ్గరికి వెళ్ళారు. క్షమించావా అని అడగాలనుకున్నారు.  ఈలోపు ఆమే అంది, “నన్ను చూసి చెప్పాడా, చూడకముందే చెప్పాడా మాస్టారూ? మీరు దగ్గరున్నారు గదా.”

“తెలవలేదమ్మా.”

“నాకూ తెలవలా” అని కొంగు దులుపుకుని మిల్లు వైపు నడిచింది.

ఆ తర్వాత తిరుపతిరావు మూడు పోటీల్లో ఆడాడు. మూడుచోట్లా అదే చెప్పాడు, పేరుతో సహా. లూర్దమ్మ ఒక్కదానికీ రాలేదు. నాలుగో చోట నుంచి పిలుపు రాలేదు. పండగలాంటి చోట ఆ మాటలేంటని కమిటీల వాళ్ళు అనుకున్నారట. అలా అని ఎవరూ అతనితో అనలేదు. తండ్రి ఏడాదిపాటు మాట్లాడలేదు. అతను పొలం పనిలో పడ్డాడు.

అరవై ఆరులో ఒక సాయంత్రం బడి మైదానానికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పిల్లలకి కూత నేర్పుతానండి. జీతం వద్దు. మీరు సరేనంటేనే.”

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. పిల్లల మధ్యకు ఇలాంటివాణ్ణి రానివ్వొచ్చా? రానివ్వకపోతే వాడికి చెయ్యగలిగిన ఆ ఒక్క పనీ లేకుండా పోతుంది. రాత్రి సౌభాగ్యమ్మతో అంటే, ఆవిడ, “ఇప్పుడన్నా నమ్మారా?” అంది.

“లేదు. అయినా రమ్మంటా.”

మర్నాటి నుంచి తిరుపతిరావు వచ్చాడు. పిల్లలకు ఊపిరి ఎలా బిగబట్టాలో, మడమ ఎలా తిప్పాలో ఓపిగ్గా చెప్పేవాడు. ఒకసారి తప్పు పట్టు పట్టిన పిల్లవాడి మీద చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి తనే దించుకుని గీత దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుండిపోయాడు. ఆశీర్వాదం గారు వరండాలో కుర్చీ వేసుకుని, అతను నేర్పే రెండు గంటలూ కదలకుండా చూస్తుండేవారు. జలుబు చేసినా, వాన తుంపర పడుతున్నా మానలేదు. అరవై ఎనిమిదిలో ఆయన రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు ఆ కుర్చీ ఆఫీసు గదిలో వేయించాడు. ఆశీర్వాదం గారు ఇంటి నుంచి ముక్కాలిపీట తెచ్చుకుని, సాయంత్రం కాగానే మైదానం పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.