గోడవతలి సినిమాకు మా ఓటు

పోయిన ఆదివారం పేపరుతో వచ్చిన పుస్తకంలో, ఈ ఏడాది సినిమాల్లో మేలైనవి పది అంటూ పాఠకుల ఓట్లను బట్టి వరస కట్టి వేశారు. మా తమ్ముడి మనవడూ మనవరాలూ దాన్ని చెరో అంచు పట్టుకుని లాక్కుంటూ, మొదటిది నాలుగోది కావాలని ఒకరూ, నాలుగోది అసలు ఆ పట్టికలోనే ఉండకూడదని ఇంకొకరూ, కాఫీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాదించుకున్నారు. ఆ పిల్ల అంతటితో ఆగక సెల్‌ఫోను బొత్తాలు టకటకా నొక్కి ఎవరికో తన ఓటు కూడా పంపింది. నేను లేచి నా గదిలోకి వెళ్లిపోతే, వాళ్ల గోల పడక వెళ్లాననుకుని గొంతులు తగ్గించారు పాపం. గోల పడక కాదు. నాకూ ఒకప్పుడు అట్లాంటి ఓటొకటి ఉండేది. దాని సంగతి ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది కొనకనమిట్ల దగ్గర చిన్న పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆ పంటయినా మాది కాదు, అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. నాకు ఎనిమిదో ఏడు రాగానే పాస్టరయ్య మాట మీద నాయన నన్ను మార్కాపురంలోని మిషన్ వారి ఆడపిల్లల బడిలో, బోర్డింగులో చేర్చినాడు. అక్కడే చదువుకున్నాను, వాళ్లే ట్రెయినింగుకు పంపారు, పంతొమ్మిదో ఏట అదే బడికి టీచరునై తిరిగి వచ్చాను. వచ్చిన రోజునే, ఐదేళ్లు ఇక్కడే పని చేస్తానని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పుడు మాది కర్నూలు జిల్లా, ఏలేది మద్రాసు ప్రభుత్వం, బయట యుద్ధం రోజులు. లోపల మాకు మాత్రం గంట కొట్టడం, ప్రార్థన, పాఠాలు, మళ్లీ గంట.

మీలో హాస్టళ్లలో పెరిగినవాళ్లకు ఆ గోడల సంగతి నేను చెప్పనక్కర లేదు. మా కాంపౌండు గోడ నిలువెత్తు మనిషి కంటే రెండు అడుగులు ఎక్కువ. దీపాలు పెట్టే వేళకు గేటుకు తాళం పడేది. శనివారం సాయంత్రం బజారుకు పోవాలంటే ఇద్దరిద్దరుగా వార్డెనమ్మ వెంట నడవాలి. వచ్చిన ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ ఆమె చదివాకే కదిలేవి. సినిమా అన్నది పలకకూడని మాట. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను, నాకు అన్నం పెట్టి అక్షరం నేర్పింది ఆ గోడల లోపలే. కానీ నాకు గుంటూరు వెళ్లి ఇంకా చదవాలని ఉండేది. ఒకసారి అడిగితే వార్డెనమ్మ నవ్వి, ఇక్కడ ఇంత పని పెట్టుకుని ఎక్కడికి పోతావమ్మా అని నా తల నిమిరింది. కోపపడి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తల నిమిరితే ఏం చెయ్యాలో తెలియలేదు.

టీచర్ల గదిలో మేము ముగ్గురం. ఒకరు గిద్దలూరు అక్క, రెండో క్లాసు పంతులమ్మ, నాకంటే మూడేళ్లు పెద్ద, నోరు మూతపడేది కాదు. ఇంకొకరు కుట్టుపని అక్క. ఇరవై ఏళ్లకే భర్త పోతే, సొంత చేతిమిషను ఒకటి వెంటబెట్టుకుని ఆ కాంపౌండులోకి వచ్చి, పన్నెండేళ్లుగా పిల్లల గౌన్లు కుడుతూ, వాళ్లకు కుట్టు నేర్పుతూ ఉండిపోయిన మనిషి. ఆమె మాట్లాడిన రోజును మేము గుర్తు పెట్టుకునేవాళ్లం, అంత తక్కువ మాట.

గోడకు అవతల పలకలు కోసే ఫ్యాక్టరీ, దాని పక్కన ఖాళీ జాగా. ఏటా పంటలయ్యాక ఆ జాగాలో టూరింగ్ టాకీసు డేరా వేసేవాళ్లు. చీకటి పడగానే ఇంజను దడదడమని మొదలయ్యేది, దాని వెనకనే పాటలు, మాటలు, ఏడుపులు, కత్తుల చప్పుడూ గోడ దాటి మా బట్టలుతికే బండ దాకా వచ్చేవి. మేము ముగ్గురం ఆ బండ మీద కూర్చుని, ఉతికిన బట్టలను మళ్లీ మళ్లీ పిండుతూ వినేవాళ్లం. ఒక బొమ్మ వారం ఆడితే వారమూ విన్నాం. మాకు ఆ సినిమాల్లో మనుషుల గొంతులన్నీ తెలుసు, ముఖం ఒక్కటీ తెలియదు.

గిద్దలూరు అక్క తమ్ముడు రైల్వేలో పని చేసేవాడు. బండిలో ప్రయాణికులు వదిలేసిన మద్రాసు సినిమా పత్రికలను ఏరిపెట్టి, అక్కను చూడవచ్చినప్పుడు జొన్నపిండి సంచి అడుగున పెట్టి తెచ్చేవాడు. నేను టీచరునై చేరిన మరుసటి ఏడు చివర్లో వచ్చిన సంచికలో ఒక కూపను ఉంది. ఆ ఏడాది వచ్చిన తెలుగు చిత్రాల పేర్లు వేసి, పాఠకులు మొదటి ఐదింటిని వరసగా రాసి పంపాలనీ, మొదటిదాన్ని ఎందుకు మెచ్చారో ఉత్తరం రాస్తే మంచి ఉత్తరాన్ని అచ్చు వేస్తామనీ ప్రకటించారు. కూపను ఒక్కటే, మేము ముగ్గురం. ఏ ఒక్కరమూ ఒక్క బొమ్మనూ కంటితో చూసినవాళ్లం కాము. అయినా ఆ నాలుగు రోజులు మేము పడిన కొట్లాట, మొన్న మా పిల్లలు పడినదానికి పదింతలు.

గిద్దలూరు అక్కకు దేవుళ్ల బొమ్మే మొదటిది. అందులో పద్యాలు పాడినాయన గొంతు వింటే ఒళ్లు ఝల్లుమంటుందని ఆమె వాదన. నాదేమో చదువుకున్న పిల్ల ఇల్లు విడిచి పోయే కథ. ఆ పిల్ల గడప దాటేటప్పుడు మాట్లాడిన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇద్దరం రెండు రోజులు మాటలు మానుకున్నాం కూడా. మూడో రోజు మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు పోయినప్పుడు, కుట్టుపని అక్క మిషను ఆపి మా వైపు తిరిగింది.

“మీ రెండూ కాదు. ఆ నవ్వుల బొమ్మకు వెయ్యండి మొదటిది.”

అదొక చిన్న హాస్యం సినిమా. పత్రిక వాళ్లే దాన్ని తేలిగ్గా రాశారు. గిద్దలూరు అక్క పకపకా నవ్వింది. “దాంట్లో ఏముందక్కా? పాట గూడా సరైంది లేదు.”

“డేరాలో కూర్చునేది ఎవురు? పొద్దంతా రాయి కొట్టి, పలకలు కోసి, దుమ్ము మింగినోళ్లు గదా. కడమ బొమ్మలకు వాళ్లు ఊరకనే ఉన్నారు. దీనికి ఎట్ల నవ్వినారో ఇనలేదా మీరు? అంతమంది మొగోళ్లు అట్ల నవ్వంగా నేను పుట్టినాక ఇనలేదు.”

మేము బొమ్మను విన్నాం, ఆమె బొమ్మ చూసేవాళ్లను విన్నది. మొదటి స్థానం దానికే ఇచ్చాం. రెండోది కొట్లాడి నేను గెలుచుకున్నాను.

ఉత్తరం రాసింది నేను. అక్క చెప్పిన మాటనే పట్టుకుని, గోడకు ఇవతల కూర్చుని నవ్వులు విన్నవాళ్ల ఓటు ఇదని రెండు పుటలు రాశాను. అడుగున తన తమ్ముడి పేరు పెట్టమని గిద్దలూరు అక్క గట్టిగా చెప్పింది. సరేనన్నాను. కవరు అంటించే ముందు ఏం పుట్టిందో, ఆ పేరు కొట్టేసి, ‘మార్కాపురం ఆడపిల్లల బడి ఉపాధ్యాయిని’ అని రాశాను. తెలివి తక్కువే. కానీ ఆ గోడల లోపల ఇట్లాంటి మనిషి ఒకతె ఉందని బయట ఎవరికైనా ఒక్కరికి తెలియాలనిపించింది. వార్డెనమ్మ కంట పడకుండా ఆ కవరును అక్క తమ్ముడే తీసుకుపోయి బయట పోస్టు చేశాడు.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. మా నవ్వుల బొమ్మ చిట్టచివరి నుంచి రెండోది. కానీ మా ఉత్తరాన్ని మాత్రం చుట్టూ గీత గీసి, అన్నిటిలో మంచిదని పొగిడి వేశారు. ముగ్గురం ఆ పుటను దుప్పటి చాటున పెట్టుకుని ఎన్నిసార్లు చదువుకున్నామో! ఆ సంతోషం సరిగ్గా ఆరు రోజులు. ఏడో రోజు పొద్దున ప్రార్థన కాగానే వార్డెనమ్మ మమ్మల్ని ఆఫీసు గదికి పిలిపించింది. గుంటూరు నుంచి ఎవరో పెద్దమనిషి పోస్టులో పంపారట, అదే పత్రిక, అదే పుట, బల్ల మీద ఉంది.

“ఇది ఎవరు రాసినారు?” అంది. అరవలేదు. “రాసినవాళ్లు ఒప్పుకుంటే వాళ్లొక్కరే పోతారు. లేకపోతే ముగ్గురూ పోతారు.”

నేనే అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ క్షణాన నాకు కనబడింది మా నాయన. అంతకు ముందు నెల నన్ను చూడవచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడి, కాపలా ఆయనతో “మా పాప ఈడ టీచరమ్మ” అని, అడగకపోయినా రెండుసార్లు చెప్పుకున్న నాయన. అంతలో నా పక్క నుంచి గొంతు వినబడింది.

“నేను రాసినానమ్మా.” కుట్టుపని అక్క.

వార్డెనమ్మ నమ్మలేదు. “నీకు ఇంత రాయను వస్తుందా?”

“వస్తాదమ్మా. పన్నెండేండ్లు పిల్లోళ్ల పాఠాలు ఇనుకుంటా కుట్టినాను గదా.”

వార్డెనమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమెకు తెలుసుననే ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంది, పంపాల్సింది ఒకరినే. ఆ మధ్యాహ్నం బండికి కుట్టుపని అక్క ఒక రేకు పెట్టె, చేతిమిషను పట్టుకుని, గిద్దలూరు అక్క వాళ్ల అమ్మగారింటి చిరునామా కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, వార్డెనమ్మ చూస్తుంటే ఊరుకుంది.

తర్వాతి సంగతి చెప్పడమే నాకు కష్టం. నేను మళ్లీ ఆ బండ మీద కూర్చోలేదు. ఇంజను చప్పుడు మొదలవగానే లోపలికి పోయి పిల్లల చేత ఎక్కాలు గట్టిగా చదివించేదాన్ని. గిద్దలూరు అక్క ఏడాది తిరక్కముందే పెళ్లయి నంద్యాల వెళ్లిపోయింది. కుట్టుపని అక్కకు రాయాలంటే ఉత్తరం వార్డెనమ్మ చేతుల మీదుగా పోవాలి, ఏమని రాస్తాను? ఐదేళ్లూ నిండాయి. గుంటూరులో చదువుకు సీటు వచ్చింది కూడా. ఆ కాగితం చేతిలో పట్టుకుని మూడు రోజులు కూర్చుని, నా ఉద్యోగం కోసం ఒక మనిషి తన నీడ పోగొట్టుకుంది, దాన్ని నేను కాలదన్నుకుంటే ఆమె ముఖం ఎట్లా చూస్తానని, సీటు వద్దని రాసేశాను. మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి ఎవరూ పెట్టమనలేదు.

ఆమెను మళ్లీ చూసేసరికి మద్రాసు మన నుంచి విడిపోయి, మనకు వేరే రాష్ట్రం వచ్చింది. పరీక్షల పని మీద నన్ను గిద్దలూరు పంపారు. బజారులో అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించారు ఆమె దుకాణం. రెండు మిషన్లు, కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు నలుగురు, ఒకటే మాటలు, నవ్వులు. ఆ మాటల్లో సగం అక్కవే. నన్ను చూసి కత్తెర కింద పెట్టి కౌగిలించుకుంది. అన్నం పెట్టి, ఆ మధ్యాహ్నమే నన్ను కొత్త సినిమాహాలుకు తీసుకుపోయింది. నా జీవితంలో నేను చూసిన మొదటి బొమ్మ అది. ఏం చూశానో నాకు గుర్తు లేదు. ఆడవాళ్ల బెంచీ మీద అక్క పక్కన కూర్చుని, ఇంటర్వెల్లులో దీపాలు వెలగ్గానే, సీటు వదులుకున్న సంగతి ఒక్కటి తప్ప ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఆమె చేతులు పట్టుకుని కక్కేశాను. నా కోసం నువ్వు నిందపడ్డావు, నీ ఋణం తీర్చుకోలేను, నువ్విచ్చిన ఉద్యోగాన్ని కాపాడుకుంటూనే ఉన్నానని ఏడ్చాను.

అక్క నా వైపు వింతగా చూసింది.

“నీ కోసం చెప్పినాననుకున్నావా పిల్లా?” అంది. “పన్నెండేండ్లు నాకు బయటపడను దోవ లేదు. పొమ్మని ఎవురూ అనరు, పోతానంటే యాడికి పోతావంటారు. ఆ పొద్దు ఆమె ‘ఎవరు రాసినారు’ అనంగానే నాకు వాకిలి తెరిచినట్ల అయింది. నువ్వు యాడ నోరు తెరుస్తావోనని ఎంత బయపడినానో తెలుసా? నువ్వు ముందు చెప్పింటే నువ్వు బయట ఉండేదానివి, నేను ఇంగా ఆ గౌన్లే కుడతా ఉండేదాన్ని.”

తర్వాత నా ముఖం చూసి, “ఆ చదువుకు పోయినావు గదా, గుంటూరుకు?” అని అడిగింది. పోయినానక్కా అన్నాను. దీపాలు ఆరిపోయాయి.

నేను ఆ బడిలోనే రిటైరయ్యాను. నా చేతి కింద చదివిన పిల్లలు డాక్టర్లయ్యారు, నర్సులయ్యారు, వాళ్లను చూసుకుని మురిసిపోని రోజు లేదు, ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. ఇప్పుడక్కడ నిలువెత్తు గోడ లేదు, టీచరమ్మలు తమ బండ్ల మీద వచ్చిపోతున్నారు, ఏ సినిమాకు పోయారని అడిగేవారు లేరు. మన కాలంలో ఆడపిల్ల ఒక బొమ్మ నచ్చిందని చెప్పాలంటే పేరు దాచుకోవలసి వచ్చేదంటే ఈ పిల్లలు నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నాకు మాత్రం ఆ ఆఫీసు గది, బల్ల ముందు మేము ముగ్గురం నిలబడిన తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఒక్క మాట ముందుగా అని ఉంటే, ఆ మధ్యాహ్నం గిద్దలూరు బండి ఎక్కేది నేను.