ఆదివారం సైరన్

"సైరన్ మోగింది, కిందవాళ్ళే పట్టించుకోలేదు" అని గాజువాక బస్సుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మోగిన మాట నిజమే. మిగతాదంతా కట్టుకథ. నేనక్కడే ఉన్నాను.

రిజర్వాయరు దిగువన, గెడ్డ వాగు ఒడ్డున మా పెద్ద ఆడపడుచుకి, నేను వదినా అని పిలిచే ఆవిడకి, పాల వ్యాపారం. మూడు గేదెలు, ఒక రేకుల శాల. మొదట్లో రిజర్వాయరు గేట్లు ఎత్తేటప్పుడే సైరన్ కూసేది. వినపడగానే వదిన తాళ్ళు విప్పి గేదెల్ని రోడ్డెక్కించేది. తర్వాత గట్టు మీద పార్కు వచ్చింది, బోట్లొచ్చాయి, మొక్కజొన్న పొత్తుల బళ్ళొచ్చాయి. ఆదివారం సాయంత్రం వచ్చిన జనానికి ఒక గేటు జానెడెత్తి, సైరన్ వేసి, తుంపర చూపించడం మొదలెట్టారు. పిల్లలు చప్పట్లు, పెద్దలు సెల్ఫీలు. కింద వదిన కొన్ని వారాలు గేదెల్ని విప్పుకుని పరుగెత్తింది. తర్వాత మానేసింది. ఎవరైనా మానేస్తారు.

ఆ ఆదివారం ఇక్కడ సన్న జల్లే. పైన కొండల్లో కుండపోతని మాకెవరు చెప్పారు? సైరన్ కూసింది.

"వదినా, విప్పుదామా?" అన్నాను.

"ఆదివారం కదేటే! పిల్లగుంటలకి సరదా సేత్తన్నారు. ఆళ్ళ సరదాకి నా గేదెలు ఊరేగాలేటి? టీ తాగు."

టీ అయ్యేలోపే గెడ్డ శాలలోకొచ్చింది. మోకాళ్ళ లోతులో రెండింటిని విప్పగలిగాం. సూడిగేదె లోపలి గుంజకుండిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే అక్కడే ఉంది, మెడకి తాడు బిగిసి.

మర్నాడు ఇంజనీరొచ్చాడు. "సైరన్ వేశాం కదా మేడమ్!"

"ఏ సైరనండీ?" అన్నాను. "పొత్తులు తినేవాళ్ళదా, మాదా?"

"మీరు ఊరికే వాదిస్తున్నారు."

"ఊరికే కూసింది మీరు."

వదిన మాత్రం మెల్లగా, "అయితే తప్పు నాదేనేటి బాబూ?" అనడిగింది. అతను జీపెక్కేశాడు.

పార్కు కొన్నాళ్ళు మూసి మళ్ళీ తెరిచారు. ఆదివారం సైరనూ మొదలైంది. ఇప్పుడది కూస్తే చాలు, పాలు పితుకుతున్నా వదిన చెంబు వదిలేసి గేదెల్ని రోడ్డెక్కిస్తుంది. పార్కుకెళ్ళే కార్లు హారన్ కొడతాయి. మొన్నొకాయన అద్దం దించి, "అమ్మా, అది షో సైరనే" అని నవ్వాడు.

"నీకు టికెట్టిచ్చి సెప్పేరు బాబూ, నాకెవుడు సెప్పేడు?" అంది వదిన.

రిజర్వాయరు ఆఫీసుకెళ్ళి నేనడిగేది ఒక్కటే. ఆపదకి పెట్టిన కూతని ఆదివారం సరదాకి వాడమని మొట్టమొదట చెప్పిన మనిషెవరు?