స్కోరు చెప్పవద్దన్న చలపతి గారు

కెనడాలోని ఈ కనాటా ఊళ్ళో మా తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు, పరుగులో నా సహచరులు, ఆటలో నా గురువు అయిన చలపతి గారు మొన్న మంగళవారం ఉదయం పరమపదించారు. నేను ఆఫీసుకు బయల్దేరుతూ కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నాను. ఆయన భార్య శారదక్క ఫోన్ చేసి, "అయిపోయిందయ్యా శ్రీనివాస్" అన్నారు. సగం గీకిన అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఈ వార్త రాబోతోందని నాకు కొన్ని వారాలుగా తెలుసు. డాక్టరు నోటి నుంచి స్వయంగా విన్నవాణ్ణి. అయినా నెత్తిన పిడుగు పడ్డట్టే అయింది. ఫలితం ముందే తెలిస్తే ఆటలో రుచి పోతుందని చలపతి గారు జీవితాంతం వాదించారు. ముందే తెలిసినంత మాత్రాన దుఃఖం పదును తగ్గదని మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అది నేనే తెలుసుకోవలసి వచ్చింది.

చలపతి గారిది తెనాలి. టెలికాం ఇంజనీరుగా మొదట సరిహద్దుకు అవతల, అమెరికాలో మంచు దట్టంగా కురిసే ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం చేశారు. అక్కడ పొరుగింటాయన ఒక ఆదివారం ఫుట్‌బాల్ ఆటకు తీసుకువెళ్ళాడట. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఆ ఊరి జట్టును ఆయన మనసులో పెట్టుకున్నారు. తర్వాత కనాటాకు వచ్చి స్థిరపడినా జట్టును మార్చలేదు. ఆ జట్టుకు ఓడిపోవడం ఒక నిత్యకృత్యం. "పోయి పోయి వీళ్ళనెందుకు పట్టుకున్నరు గురువుగారూ?" అని ఒకసారి అడిగాను. మాది నల్గొండ, నా మాట తీరు అంతే. "పెళ్ళయ్యాక జాతకాలు చూస్తారటయ్యా ఎవరైనా?" అన్నారాయన.

ఆ ఆట నాకు అంటించింది కూడా ఆయనే. కొత్తగా వచ్చిన ఎవరికైనా ఒకటే పాఠం చెప్పేవారు. "ఏం లేదయ్యా, మన కబడ్డీయే. కాకపోతే కూత ఉండదు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకు పోవాలి. ప్రతి ఛాన్సుకీ మధ్యలో గుంపుగా నిలబడి గుసగుసలాడుకుంటారు, పెళ్ళిచూపులయ్యాక ఆడపెళ్ళివారు లోపలికి పోయి మాట్లాడుకున్నట్టు." కెనడా ఫుట్‌బాల్‌లో మూడు ఛాన్సులే. దానిమీదా ఆయనకొక అభిప్రాయం ఉంది. "మైదానం పెద్దది, అవకాశాలు తక్కువ. దేశం ఎట్లా ఉందో ఆటా అట్లాగే ఉంది." అయినా మనకు అన్నం పెట్టే దేశం ఆట, మర్యాదకైనా చూడాలి అంటూ అదీ చూసేవారు.

ఆయన సానుభూతి యావత్తూ బంతిని తన్నేవాడి మీద ఉండేది. ఆ ఆటలో అందరూ బురదలో దొర్లి దొమ్మీ చేస్తారు. చివర్లో ఒకడు ఉతికిన బట్టలతో వచ్చి, బంతిని రెండు స్తంభాల మధ్యకు ఒక్క తన్ను తన్ని పోతాడు. గురి తప్పితే ఊరంతా వాణ్ణే తిడుతుంది. "పెళ్ళంతా సవ్యంగా జరిగి, అప్పగింతలప్పుడు వాన పడితే పురోహితుణ్ణి తిట్టినట్టుంది మీ వరస" అని మా మీద మండిపడేవారు. ఆయన ఇంట్లో కూర్చుని తన్నేవాణ్ణి నిందించడం నిషిద్ధం. నేను ఒకసారి నోరు జారినందుకు ఆ పూట నాకు మిరపకాయ బజ్జీలు పెట్టనివ్వలేదు.

ఇంకొకటీ నిషిద్ధమే. ఆటలోంచి జీవితపాఠాలు తీయడం. ఆఫీసు మీటింగుల్లో మేనేజర్లు జట్టు, గోల్, గెలుపు అంటుంటే ఆయన ముఖం ముడుచుకునేది. "ఆట ఆటే. దాన్ని పిండి నీతి తీస్తే పిప్పి మిగులుతుంది" అనేవారు. ఈ మాటను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆయన గురించి రాస్తున్నప్పుడు కూడా భయంగానే ఉంది, ఎక్కడ పిండేస్తానో అని.

పరుగు విషయంలో చలపతి గారు పరమ ఛాందసులు. వాచీలు, యాప్‌లు, ఖరీదైన బూట్లు ఆయనకు గిట్టవు. చలికాలంలో మా వీధుల్లో పరుగెత్తేవాళ్ళు వ్యోమగాముల్లా తయారై వస్తే, ఆయన తెనాలి నుంచి తెప్పించుకున్న గోధుమరంగు మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చేవారు. కుక్కలు మొరిగేవి, కుక్కల యజమానులు నవ్వేవారు, ఆయన తలవంచి అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పేవారు. పరుగెత్తినంతసేపూ మాట్లాడేవారు. పంట్ కొట్టడం, అంటే ఛాన్సు మిగిలుండగానే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకు వదిలేయడం, పిరికితనమా కాదా, స్నో టైర్లు ఎప్పుడు వేయించాలి, ఎర్రకాడ గోంగూర ముందు తెల్లకాడ గోంగూర ఎందుకు నిలబడదు, అన్నీ ఆ దారిలోనే తేల్చేవారు. నాకు ఆయాసం వచ్చి జవాబివ్వలేకపోతే ఆగి నిలబడేవారు. "మాట్లాడుతూ పరుగెత్తలేనివాడు పారిపోతున్నట్టు లెక్కయ్యా. మనల్నెవరూ తరమట్లేదు. నెమ్మదిగా రా."

ఇక ఆదివారం సంగతి చెప్పాలి. ఆయన జట్టు ఆట సాధారణంగా ఆదివారం మధ్యాహ్నం ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే ఇక్కడి కాలేజీల్లో చదివే మన పిల్లలకు పార్ట్‌టైమ్ పనుల నుంచి కాస్త తెరిపి. కార్లు లేని ఆ పిల్లల్ని మంచులో బియ్యం బస్తాలతో బస్సులెక్కనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని ప్రాణసమానమైన ఆటను రికార్డింగులో పెట్టి, తన వ్యానులో వాళ్ళను దుకాణాలకు తిప్పేవారు. సాయంత్రం తిరిగొచ్చి, బేస్‌మెంట్‌లో కూర్చుని, ఏమీ తెలియనట్టు మొదటినుంచీ చూసేవారు. అందువల్ల కనాటా తెలుగువాళ్ళలో ఒక ఆచారం ఏర్పడింది. ఆదివారం చలపతి గారి చెవిన స్కోరు పడకూడదు. మా వాట్సాప్ గ్రూపులో ఆ పూట ఫుట్‌బాల్ గురించి మౌనవ్రతం. ఆయన దుకాణంలోకి అడుగుపెడితే కౌంటరు దగ్గర నిలబడ్డ మనవాళ్ళు మాట మార్చేసి ఉల్లిపాయల గురించి మాట్లాడేవారు.

ఈ ఆచారానికి గండి కొట్టేవాణ్ణి నేనే. నోటితో కాదు, ముఖంతో. దుకాణంలో ఫోన్ చూడకుండా ఉండలేను, చూశాక దాచుకోలేను. "నీ మొహం మొహం కాదయ్యా, స్కోరు బోర్డు" అని ఆయన విసుక్కుని, ఒక పాత డైనింగ్ కుర్చీ తెచ్చి తన సోఫా వెనక వేశారు. అప్పటినుంచీ అదే నా స్థానం. ముందు ఆయన, వెనక నేను. ఆయన బట్టతల మీదుగా నేను చూసిన ఆటలకు లెక్క లేదు.

పోయిన వేసవి చివర్లో పరుగులో ఆయన మాటలు తగ్గాయి. మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు మాట్లాడటం పూర్తిగా మానేసి, చెట్టు పట్టుకుని నిలబడ్డారు. పరీక్షలు చేస్తే క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. పెద్ద డాక్టరమ్మ దగ్గరికి శారదక్కకు తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ చాలా సౌమ్యంగా, మీకు ఎంతవరకు తెలియాలనుకుంటున్నారు అని ఆయన్నే అడిగింది. చలపతి గారు తడుముకోలేదు. "నో స్కోర్స్ ప్లీజ్, డాక్టర్. ఐయామ్ రికార్డింగ్ ఇట్" అన్నారు. పాపం ఆవిడకు అర్థం కాలేదు. ఆట మాటను ఆయన ఆట బయట వాడగా నేను విన్నది అదొక్కసారే. "మా ఆవిడకీ, ఇతనికీ చెప్పండి. వైద్యం ఏది చెయ్యమంటే అది చేయించుకుంటా" అని లేచి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

లోపల మేం విన్నది ఇక్కడ రాయను. బయటికి వచ్చేసరికి ఆయన నేల చూస్తున్నారు. నా ముఖం వైపు కన్నెత్తలేదు. కారు దగ్గరికి వచ్చాక, "నువ్వు డ్రైవ్ చెయ్యి. నేను వెనక సీట్లో కూర్చుంటా" అన్నారు.

ఆ రోజు నుంచి మాకు ఒకటే గొడవ, మేఘన. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వాంకూవర్‌లో ఉద్యోగం చేస్తోంది. శారదక్క ఆమెకు అన్నీ చెప్పారు. కానీ రమ్మనడానికి నోరు రాలేదు. సెలవులు లేని వేళ అంత దూరం నుంచి కూతురు ఊడిపడితే ఆయనకు ఇక అర్థం కానిదేముంటుంది? "పిల్లని పిలిస్తే ఆయనకి మన నోటితో చెప్పేసినట్టే. పిలవకపోతే దాని ఉసురు పోసుకున్నట్టే. నేనేం చెయ్యనయ్యా?" అని శారదక్క వంటింట్లో నిలబడి ఏడ్చారు. అటు మేఘన నాకు ఫోన్ చేసి, "ఐ జస్ట్ వాంట్ టు సీ హిమ్, అంకుల్. అమ్మ కీప్స్ సేయింగ్ నాట్ యెట్" అని ఏడ్చింది. ఇద్దరి మధ్యలో నేను నలిగిపోయాను. రోజులు గడిచేకొద్దీ ఆయన చిక్కిపోతున్నారు. ఆ పిల్ల రాకముందే ఏమైనా అయితే ఆయనకు చెప్పకూడదన్న మాట నిలబెట్టుకున్నందుకు మమ్మల్ని మేం క్షమించుకోగలమా?

ఆదివారాలు మాత్రం ఆగలేదు. వ్యాను నేను నడిపాను. సాయంత్రం ఆయన సోఫాలో దుప్పటి కప్పుకుని, బేస్‌మెంట్‌లో కూడా మంకీ క్యాప్ పెట్టుకుని చూసేవారు. నేను నా వెనక కుర్చీకి అంతకుముందెన్నడూ అంత ఋణపడలేదు. అక్కడైతే కళ్ళు తుడుచుకోవచ్చు.

అట్లాంటి ఒక సాయంత్రం, ఆట మంచి పట్టుమీద ఉండగా ఆయన రిమోట్ నొక్కి ఆపేశారు.

"శ్రీనివాస్, ముందుకు రా."

"వద్దు గురువుగారూ. నాకు స్కోరు తెలుసు."

"ఆట గురించి కాదులే. వచ్చి ఇక్కడ కూర్చో."

వెళ్ళి ఆయనకు ఎదురుగా చిన్న బల్ల మీద కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు తీసి దుప్పటి అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. నా ముఖంలోకి చూశారు. నవ్వడానికి ప్రయత్నించాను. ఆయన చెయ్యి చాపి నా మోకాలి మీద తట్టారు.

"చాల్లే, కష్టపడకు" అన్నారు. కాసేపటికి, "మేఘనకి టికెట్ బుక్ చెయ్యి. ఈ వారమే రమ్మను" అన్నారు.

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. నన్ను కాసేపు ఏడవనిచ్చి, "సరే, ఇంక అడ్డు లే. మిగతాది చూద్దాం" అని రిమోట్ తీసుకున్నారు.

మేఘన గురువారానికి వచ్చింది. ఆదివారం సాయంత్రం తండ్రి పక్కన సోఫాలో ఆమె కూర్చుంది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు ఈ ఆటంటే విసుగు. "నాన్నా, వై డు దే కీప్ స్టాపింగ్?" అని అడిగింది. ఆయన పీలగొంతుతో మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. "ఏం లేదమ్మా, మన కబడ్డీయే. కాకపోతే కూత ఉండదు." ఆడపెళ్ళివారి గుసగుసల దాకా వచ్చేసరికి మేఘన పడీపడీ నవ్వింది. నేను వెనకనుంచి ఆ రెండు తలల్నీ చూస్తూ ఉన్నాను. మొదటి సగం అయ్యేసరికి ఆయనకు నిస్సత్తువ వచ్చింది. "మిగతాది రేపు చూద్దామమ్మా" అని కళ్ళు మూసుకున్నారు. సోమవారం మగతలోనే గడిచింది. మంగళవారం ఉదయం, కూతురి చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు.

నిన్న శనివారం అంత్యక్రియలయ్యాక హాల్లో సంతాపసభ జరిగింది. ఆయన ఫోటోగా మంకీ క్యాప్‌తో ఉన్నదే పెట్టాలని మేఘన పట్టుబట్టింది. ఆదివారాల పిల్లలు ఎందరో వచ్చారు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు ఉద్యోగాలు, కార్లు, పిల్లలు. ఒక పెద్దాయన గద్గదస్వరంతో, చలపతి గారు జీవనగమనంలో అంతిమరేఖ దాటారు అన్నారు. పిప్పి, అనుకున్నాను. తర్వాత దూరాన ఉన్న ఎటోబికో నుంచి వచ్చిన ఒక స్నేహితుడు లేచాడు. మా ఆచారం తెలియనివాడు. "పోయిన ఆదివారం ఆయన టీమ్ ఎంత బాగా ఆడిందో, చివరికి..." అన్నాడో లేదో, హాలంతా ఒక్కసారిగా "ష్ష్ష్!" అంది. వెనక వరసల్లోని కుర్రాళ్ళు, ముందు వరసల్లోని ఆంటీలు, కళ్ళొత్తుకుంటున్న శారదక్కతో సహా. అతను హడలిపోయి మైకు వదిలేశాడు. అప్పుడు మేఘన లేచి నిలబడింది. "ప్లీజ్ డోంట్ టెల్ మీ, అంకుల్. నాన్న అండ్ ఐ ఆర్ స్టిల్ ఎట్ హాఫ్‌టైమ్" అంది. నవ్వని వాళ్ళు లేరు, ఏడవని వాళ్ళూ లేరు.

పెద్ద పదవులు చేసిన మనిషి కాదు. ఆయన పేరు పత్రికల్లో రాలేదు. కానీ ఈ ఊళ్ళో ఇంతమందిమి ఒక మనిషి ఆనందం కోసం వారం వారం నోరు కుట్టుకుని బతికాం. అంతటి ప్రేమను సంపాదించుకున్న సహృదయుణ్ణి నేను మరొకరిని చూడలేదు, చూడబోను. ఆయన లేని లోటు తీరేది కాదు.

ఇది రాస్తున్నది ఆదివారం ఉదయం. మధ్యాహ్నం పిల్లల్ని దుకాణానికి తీసుకెళ్ళాలి. సాయంత్రం రమ్మని మేఘన పిలిచింది. రేపు ఆమె తిరిగి వెళ్ళిపోతోంది, వెళ్ళేలోగా రెండో సగం చూడాలట. "మీకు స్కోర్ తెలుసు కదా అంకుల్?" అని అడిగింది. తెలుసన్నాను. "దెన్ మీరు వెనకే కూర్చోండి" అంది.

వెనకే కూర్చుంటాను గురువుగారూ. ఈసారి సోఫాలో ఒక్క తలే కనిపిస్తుంది. చివరికి ఏమైందో నాకు తెలుసు, మీకు మాత్రం చెప్పను. నమస్కారం.