లేని ఆఫ్‌సైడుకు లేచే తువ్వాలు

బీరాన్ భుజం మీది ఎర్ర గళ్ల తువ్వాలు తీసి, చెయ్యి నిటారుగా పైకెత్తి కొయ్యబారిపోతాడు. ఎవరో ఆఫ్‌సైడ్ అయ్యారన్నమాట. పెళ్లి విందులో వరస దాటి పత్తిరి రొట్టె అందుకున్నవాడు ఆఫ్‌సైడ్. దిగేవాళ్లను తోసుకుంటూ బస్సెక్కినవాడు ఆఫ్‌సైడ్. ఒకప్పుడు పదకొండుమంది ఫుట్‌బాల్ ఆటలో గీత పక్కన జెండా పట్టిన మనిషి ఆయన. ఇప్పుడు కేరళలో ఈ మలప్పురం వైపు ఊరూరా ఆడేది ఏడుగురి ఆట. అందులో ఆఫ్‌సైడే లేదు. ఆ అన్యాయాన్ని ఆయన క్షమించలేదు.

"అవతలి గోల్‌కీపరు ఒళ్లో కూర్చుని బంతి కోసం చూస్తాడా? ముందు ఒక్క డిఫెండరైనా ఉండొద్దా? సిగ్గులేని ఆట!" అని రోజూ తిడతాడు. తిట్టి, అందరికన్నా ముందొచ్చి వెదురు గ్యాలరీలో కూర్చుంటాడు.

కూర్చుని ఊరుకుంటే గొడవేముంది? వెనక వరసలో క్లబ్బు సెక్రటరీ కుంజాలన్ చెవులు రోజూ చిల్లులు పడేవి.

"త్రో! ఎందుకు? బంతి పక్కగీత దాటింది! తన్నింది వాళ్లు, విసిరేది మనం!"

"తెలుసు ఇక్కా," అనేవాడు కుంజాలన్, అన్నగారన్న మర్యాదతో.

"కార్నర్! మన డిఫెండరు కాలికి తగిలి మన గోల్‌గీత దాటింది. అదే వాళ్ల కాలికి తగిలి దాటితే? గోల్‌కిక్!"

"పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం ఇక్కా!"

"చూస్తే సరా? అర్థం తెలియొద్దూ!"

మెట్లెక్కేటప్పుడూ అదే నస. "ఏ గుడ్డివాడు కట్టాడీ మెట్లు! మూడోది ఊగుతోంది!"

ఆ మోతలోనూ చిరునవ్వుతో కూర్చునేవాడు పక్కనున్న సైదలవి ఒక్కడే. పాత గోల్‌కీపరు. గోలీలకు ఓపిక ఎక్కువ కాబోలనుకునేవాడు కుంజాలన్.

ఫిర్యాదులు పెరిగాయి. సెమీఫైనల్ ముందు కుంజాలన్ తెగించాడు. "ఇక్కా, ఇవాళ నోరు విప్పారో, ఫైనల్‌కు గేటు దగ్గరే ఆపేస్తాం."

బీరాన్ ఒకసారి సైదలవి వైపు చూశాడు. తర్వాత తువ్వాలు తీసి మూతికి కట్టుకున్నాడు.

ఆట మొదలైంది. గ్యాలరీకి ప్రాణం లేచొచ్చింది. పాస్‌లు పోయాయి, ఫౌళ్లు పోయాయి, ఒక్క వివరణా లేదు. సైదలవి మాత్రం మెడ సాచి, గాలి వాసన చూస్తున్నట్టు కూర్చున్నాడు.

ఉన్నట్టుండి గోల్. అవతలి ఊరివాళ్ల ఈలలు, కేకలు. సైదలవి లేచి చప్పట్లు కొడుతూ ఎగిరాడు. "శభాష్! శభాష్!"

"ఏం మనిషివయ్యా? వాళ్ల గోలుకు చప్పట్లా?" ముందు వరసలు తిరిగి చూశాయి.

సైదలవి చేతులు గాల్లోనే ఆగాయి. వంగి బీరాన్ చెవిలో అడిగాడు. "మనవాళ్లు కాదా కొట్టింది?"

వెనకనున్న కుంజాలన్‌కు అది వినబడింది.

బీరాన్ మూతిగుడ్డ పీకేసి లేచాడు. శత్రువు గోలుకు జన్మలో చప్పట్లు కొట్టని మనిషి ఫెళఫెళా కొట్టాడు. "మంచి గోలును మెచ్చుకోవడం కూడా రాదురా మీకు! మేమిద్దరం కొడతాం. ఎవడాపుతాడో రండి!"

తిట్లన్నీ బీరాన్ మీదికి మళ్లాయి. సైదలవి నెమ్మదిగా కూర్చున్నాడు.

కుంజాలన్‌కు ఊగే మూడో మెట్టు గుర్తొచ్చింది. సైదలవి కొడుకులు కూడా గుర్తొచ్చారు. తండ్రికి చూపు పోయిందని తెలిస్తే గడప దాటనివ్వరు వాళ్లు. తర్వాత తమ జట్టు రెండు గోల్స్ కొట్టి గెలిచినా కుంజాలన్ చూపు ఆటమీద లేదు.

మర్నాడు పొద్దున్నే కుంజాలన్ బీరాన్ టీకొట్టుకు వెళ్లాడు. సైదలవి అక్కడే సులైమానీ టీ తాగుతున్నాడు.

"ఇక్కా, ఫైనల్‌కు మీరు నోటితో సహా రావాలి. నిన్న జనానికి ఆట ఒక్క ముక్క అర్థం కాలేదట."

"నేనెప్పటి నుంచి మొత్తుకుంటున్నాను!" బీరాన్ భగ్గుమన్నాడు. "నీకు మాత్రం తెలుసా? ఆఫ్‌సైడ్ అంటే చెప్పు!"

"ఏడుగురి ఆటలో లేదు కదా ఇక్కా..."

"కూర్చో!"

బల్ల మీద వేడి గ్లాసొకటి, ఖాళీ గ్లాసొకటి, రెంటి మధ్యా ఓ పరిప్పువడ పెట్టాడు. ఖాళీ గ్లాసుకు వెనగ్గా ఓ బిస్కెట్టు. కుంజాలన్‌కు చెబుతూనే సైదలవి వేళ్లు పట్టుకుని ఒక్కోదాని మీదా ఆనించాడు. "వేడిది గోలీ. ఖాళీది ఆఖరి డిఫెండరు. బిస్కెట్టు బంతి. దాన్ని తన్నకముందే డిఫెండరును దాటి గోలీ పక్కన నక్కాడు చూడు, ఈ వడ! ఆఫ్‌సైడ్!"

"అర్థమైంది," అన్నాడు సైదలవి నవ్వుతూ.

కుంజాలన్ వడ తీసి నోట్లో వేసుకున్నాడు. "ఇప్పుడు లేదు ఇక్కా."

బీరాన్ తువ్వాలు నిటారుగా లేచింది.