మూత లేని డబ్బా

ఆమె బల్ల మీద మూత లేని బిస్కెట్ డబ్బా ఒకటి ఉంటుంది. పని మధ్యలో ఎవరు పిలిచినా కసురుకోదు. నవ్వి, రెండు ముక్కలు చీటీ మీద రాసి డబ్బాలో పడేసి, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. తీరిక దొరికాక చీటీలను వచ్చిన వరుసలోనే తీస్తుంది. ఆఫీసులో అందరికీ ఆమె చీటీలక్క.

ఆ రోజు నాలుగింటికి ఆసుపత్రి వాళ్లు ఆమె చేసిన నాడి యంత్రాన్ని చూడటానికి వస్తున్నారు. వేలి సెన్సర్ నుంచి సీరియల్ పోర్టు గుండా ఒకదాని వెనక ఒకటిగా చిప్‌కు చేరే అంకెలు మాత్రం మధ్యమధ్య కొన్ని తప్పిపోయి, తెర మీద పళ్లూడిన దువ్వెనలా ఉన్నాయి. తీగ మార్చినా అంతే. పక్క బల్ల పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ఆమె ప్రోగ్రాం చదివాడు. "అమ్మాయ్, అంకె వచ్చి, చేతిలో పని ఆపి తనను చూడమని ఇంటరప్ట్ కొట్టగానే చిప్‌ని ఏం చేయమన్నావ్?" "లెక్క కట్టి తెర మీద చూపించమన్నాను బాబాయ్." "గుమ్మంలోనే నిలబెట్టా? ఈలోగా వెనకొచ్చినవాళ్లు చూసి చూసి వెళ్లిపోరూ? నీకైతే డబ్బా ఉంది. పాపం, దానికేదీ?" ఆమె డబ్బా వైపు చూసి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. చిప్ మెమరీలో అరవై నాలుగు గళ్ల చోటు కట్టింది. వచ్చిన అంకెను అందులో వేసి వెళ్లడమే ఇక ఇంటరప్ట్ పని. లెక్కలన్నీ తర్వాత, తీరిగ్గా. మూడున్నరకు సెన్సర్‌లో తన వేలే పెట్టింది. అంకెలు వాన చినుకుల్లా తెరిపి లేకుండా రాలాయి. "నాడి నూట పన్నెండు! కంగారేం లేదని ఇక బుకాయించకు," అన్నాడు పెద్దాయన. 'బాబాయ్‌కి కాఫీ' అని చీటీ రాసింది. డబ్బాలో వేయబోయి, మనసు మార్చుకుని, అప్పుడే లేచింది.