మురమళ్ళ రేవులో సోమవారం నీళ్ళు

ఎముకల డాక్టరు రాసిన మాత్ర గ్లాసులో వేస్తే బుస్సుమని పొంగుతుంది. ఆ చప్పుడు వినగానే అమలాపురంలోని మా ప్రయోగశాల, ఉప్పునీటిలో బుడగలు వదులుతూ కరిగే మెగ్నీషియం ముక్కలు, వాటి మీదికి వంగి చూసే మా హెడ్డు సోమయాజులుగారు గుర్తొస్తారు. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి లోహాల తుప్పు చదివిన మనిషి. ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను.

2004 వేసవిలో గ్యాసు బావుల్లో దించే బిరడాల కోసం ఒక మిశ్రమలోహాన్ని పరీక్షించాం. బిరడా నాలుగు రోజులు ఒత్తిడికి నిలబడాలి, ఆపైన తనంతట తానే కరిగిపోవాలి. ముక్కలు పోతపోసి ఇచ్చేది, సొంతంగా పోత కొలిమి నడుపుకునే వీర్రాజుగారు. వాటిని తూచడం, ప్రెస్సులో నొక్కి బలం చూడటం నా పని. ఇక్కడి ఉప్పునీటిలోనే చూడాలని ప్రతి సోమవారం సరిగ్గా పదింటికి మురమళ్ళ రేవులో నీళ్ళు పట్టి, కొత్త ముక్క వేసేదాన్ని. మొదటి డబ్బాలో ఉప్పు కొలిచాను. అదే రేవు, అదే వేళ కదా అని మిగతా మూడింటికీ అదే అంకె వేశాను. ఒకటి, మూడు వారాల ముక్కలు రెండో రోజుకే పొడి అయ్యాయి. రెండు, నాలుగు వారాలవి నిలిచాయి. పోత సమంగా లేదని రిపోర్టు రాసేశాను. అది గ్యాసు కంపెనీకి వెళితే వీర్రాజుగారి ఆర్డరు పోయినట్టే.

“ఒకే మూసలో పోసేనండి అమ్మగారూ, ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఎలా అవుద్దండి?” అన్నారాయన.

“నా పుస్తకంలో ఉన్నదే రాశానండీ,” అన్నాను.

సోమయాజులుగారు ఆ పుస్తకమే తిరగేశారు. “ప్రతి సోమవారం పదింటికేనా అండీ?”

“ఒక్క నిమిషం తేడా లేదండీ.”

“బాగుంది. మరి గోదావరికి మీ గడియారం ఎవరు కట్టేరండీ?”

మర్నాడు తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా గంటకో సీసా పట్టాను. సముద్రం ఎగదన్నే పోటు మీద పట్టిన నీటిలో ఉప్పు, నీరు వెనక్కి తీసే పాటు మీద పట్టినదానికి మూడింతలు! పోటు రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. వారానికి దాదాపు ఆరుగంటలు. ఒక సోమవారం పదింటికి పోటయితే, మరుసటి సోమవారం పాటు. రేవులో పడవ నడిపే ప్రతివాళ్ళకూ తెలిసిన ఈ లెక్క, ఐ.పోలవరంలో పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. పోటునీళ్ళలోనే మళ్ళీ నాలుగు ముక్కలు వేస్తే నాలుగూ ఒకేలా రెండో రోజునే విరిగాయి. పోతలో దోషం లేదు, మార్చవలసింది లోహాల పాళ్ళు. కబురు చెబితే వీర్రాజుగారు “ఆయ్” అని కొత్త పాళ్ళు రాసుకోవడానికి కాగితం తీశారు. ఆ ఒక్క మాటకి తల ఎత్తలేకపోయాను.

కొత్త రిపోర్టులో సోమయాజులుగారు స్వయంగా ఒక వాక్యం చేర్చారు: నీటి కొలతలో పొరపాటు ప్రయోగశాలది. కింద మొదటి సంతకం ఆయనే పెట్టారు.

“తప్పు నాదండీ,” అన్నాను.

“కొలత సరిగ్గా వచ్చినప్పుడు మీ పేరు ముందుంటుంది. లేనప్పుడు నాది. హెడ్డుకి ఇంకేం పనుందండీ?”

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. మా వాళ్ళ పొరపాట్లు ఒప్పుకుంటూ వెళ్ళిన రిపోర్టులు నాలుగు. నాలుగింటి మీదా మొదటి సంతకం నాదే.