షేడు మాస్టారి శాలువా

ఉన్ని మిల్లులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ షేడు మాస్టారే. రంగు వేసి ఆరబెట్టిన కంబళి ముందు ఆయన బల్ల మీదికి రావాలి. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, నమూనా ముక్క పక్కన పెట్టి, మెడ ఒక పక్కకి వంచి చూడాలి. బాగుంటే ఏమీ అనడు. బాగోకపోతే "తేడా ఉంది" అంటాడు. అంతే, ఇక ఆ సరుకు బజారు మొహం చూడదు. చవగ్గా వస్తుందని పనివాళ్లే ఇళ్లకి పట్టుకుపోయేవాళ్లు. మిల్లు మనుషుల ఇళ్లలో కప్పుకునేవన్నీ మాస్టారు కాదన్నవే, ఆయనింట్లో దుప్పట్లతో సహా.

ఇంట్లోనూ అదే వరస. నిన్నటి టీకీ ఇవాళ్టి టీకీ తేడా ఉండేది. కొత్తగా రంగు వేయించిన గదిలో తలుపు వెనక గోడకీ ఎదురు గోడకీ తేడా ఉండేది. పాపం ఆ పెయింటరు మూడోసారి కూడా వేసి, "నాకు కూలీ వద్దు, ఏమీ వద్దు, వదిలేయండి సార్" అని దండం పెట్టి, నిచ్చెన కూడా మర్చిపోయి పారిపోయాడు. ఆ నిచ్చెన ఇప్పటికీ వాళ్ల పెరట్లోనే ఉంది.

ఇలాంటి మనిషి రిటైరై పొద్దస్తమానం వంటింటి గుమ్మంలో నిలబడితే ఎవరి తలప్రాణం తోకకొస్తుందో వేరే చెప్పాలా? భార్య నెల్లాళ్లు ఓపిక పట్టింది. తర్వాత ఎవరింట్లోనో అటక మీద పడున్న చిన్న చేతిమగ్గం అడిగి తెచ్చి, హాల్లో పెట్టించింది.

"ఇన్నాళ్లూ పరాయివాళ్ల పని చూశారు. ఇక మీరే చేసుకుని మీరే చూసుకోండి" అంది.

చిత్రమేమిటంటే మాస్టారికి అది పట్టుకుంది. నెయ్యడం ఒక్కటే కాదు, ఊలుకి రంగు కూడా తనే వేస్తానన్నాడు, అదీ డబ్బాల్లో దొరికే రంగు కాదట, ఉల్లిపొట్టుతో. ఇంకేముంది, వీధిలో ఎవరు ఉల్లిపాయ తరిగినా పొట్టు సంచిలో కట్టి వీళ్ల గేటుకి తగిలించడం మొదలుపెట్టారు. మాస్టారు ఒక్కొక్క సంచీ తెరిచి, ఎర్రపొట్టు వేరు, లేతపొట్టు వేరు చేసి, కుళ్లు వాసనొస్తే ఎవరిదో కనుక్కుని మరీ తిప్పి పంపేవాడు. ఊరికే ఇచ్చిన చెత్తని కూడా కాదన్న మనిషి ఆయనే అయి ఉంటాడు.

ఇలా ఉండగా భార్య తమ్ముడు వస్తానని ఫోన్ చేశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ తమ్ముడు కూడా ఆ మిల్లులోనే రంగు తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఒకనాడు అతను రంగు వేసిన కంబళ్లు మొత్తం బావగారు కాదన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఇది కళ్లున్నవాడు చేసిన పనేనా?" అని అందరి ముందూ అన్నాడు. బావమరిదైతే మాత్రం వదిలేస్తానా అని చూపించుకోవాలిగా! అతను ఆ సాయంత్రమే పని మానేసి, వేరే ఊరెళ్లి బస్సు డ్రైవరయ్యాడు. మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. అక్కాతమ్ముళ్లు ఇన్నేళ్లూ ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఈ ఊరి డ్యూటీ పడిందని, ఆదివారం ఒక పూట వచ్చి భోంచేసి వెళతానన్నాడు.

ఆ రాత్రి ఆవిడ మొగుడి ఎదురుగా కూర్చుంది. "వాడికి డ్యూటీలో చలి. ఒక శాలువా నేసివ్వండి. తప్పయిందని మీ నోట రాదు, నాకు తెలుసు. ఆ మగ్గంతోనైనా అనిపించండి" అంది. మాస్టారు సరేనని అనలేదు గానీ, మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాడు.

పెరట్లో మూల పడున్న పాత ఇనప కడాయిలో ఉల్లిపొట్టు మరిగించి, పటికలో నానిన ఊలు అందులో వేశాడు. పైకి తీసి నిచ్చెన మీద ఆరేస్తే, ఎండుటాకులో ఇంకా కాస్త పచ్చదనం మిగిలినట్టు, అబ్బ, ఎంత రంగొచ్చిందో! మాస్టారు ఒక పోగు కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి మెడ వంచి చూశాడు. ఏమీ అనలేదు. ఆవిడకి భయమేసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

ఆ సంబరంలో ఆయన బజారుకెళ్లి తళతళలాడే స్టీలు గిన్నె కొనుక్కొచ్చాడు. తుప్పు పట్టిన కడాయిని పాత ఇనుము వాడికి వేసేశాడు.

శాలువా చక్కగా సాగింది. కానీ ముడి పడిన పోగునీ, కాస్త లావెక్కిన పోగునీ పనికిరాదని పారేస్తూ పోతే ఊలు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకా జానెడు పైన మిగిలుండగానే అయిపోయింది. మళ్లీ పొట్టు, మళ్లీ పటిక, తూకాలన్నీ మొదటిలాగే. స్టీలు గిన్నెలోంచి ఊలు కమలాపండులా మెరిసిపోతూ బయటికొచ్చింది.

"కొంప మునిగింది" అన్నాడు మాస్టారు.

నీళ్లు మారాయన్నాడు. ఎండ చాల్లేదన్నాడు. కూరగాయల కొట్టుకెళ్లి, ఈ ఉల్లిపాయలు ఏ పొలంలోవని నిలదీశాడు. "మీకు ఉల్లిపాయలు కావాలా, వాటి జాతకం కావాలా?" అని కొట్టువాడు విసుక్కున్నాడు. చివరికి భార్యే అంది, "అదంతా ఎందుకు, మొదటిసారి కడాయిలో కాచారుగా. ఆ తుప్పు దిగే కదా అంత రంగొచ్చింది? దాన్ని పనికిరాదని పారేసింది మీరే."

మాస్టారు పాత ఇనుము వాడి దగ్గరికి పరిగెత్తాడు. కడాయి ఎప్పుడో కరిగిపోయిందట. ఇంటికొచ్చి స్టీలు గిన్నెలో గుప్పెడు తుప్పు మేకులు వేసి మరిగించాడు. ఈసారి ఊలు బొగ్గులా తేలింది.

"ఆదివారం వద్దని చెప్పు. వచ్చే నెల రమ్మను" అన్నాడు.

అంతవరకు నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్కసారి భగ్గుమంది. "ఇన్నేళ్లకి వస్తానన్నాడు నా తమ్ముడు! రంగు కలవలేదు, రావద్దని చెప్పమంటారా? ఆనాడు కూడా రంగు కలవలేదనే కదండీ పంపించారు?" అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాడు. ఆ కమలాపండు ఊలుతోనే మిగిలిన జానెడూ నేసేశాడు. ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరగలేదు.

ఆదివారం బావమరిది డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. అక్క కొసరి కొసరి వడ్డించింది. మగవాళ్లిద్దరూ పళ్లెంలోకి చూస్తూ తిన్నారు. చేతులు కడుక్కున్నాక ఆవిడే శాలువా తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను విప్పాడు. ఆ అంచు దాచుకునేది కాదు, గుడ్డివాడికైనా కనపడుతుంది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎండుటాకు రంగూ కమలాపండు రంగూ కలిసేచోట వేలు పెట్టి, మెడ ఒక పక్కకి వంచి, అచ్చం బావగారిలాగే, తీరిగ్గా చూశాడు. మాస్టారు కుక్కిన పేనులా నిలబడ్డాడు.

"తేడా ఉంది బావా."

"ఉంది" అన్నాడు మాస్టారు. "ఆరోజు నీ కంబళ్లలో ఇంత లేదు."

బావమరిది శాలువా దులిపి భుజాల మీద వేసుకున్నాడు.

"అయితే ఇది నాదే. తేడా వచ్చినవి మనవాళ్లేగా ఇంటికి పట్టుకుపోయేది" అన్నాడు.

ముగ్గురూ గేటు దాకా వెళ్లాక మాస్టారు ఇక ఉండబట్టలేకపోయాడు. "ఒరేయ్, ఆ అంచు లోపలికి మడుచుకోరా, బాగుంటుంది" అన్నాడు.

అతను ఆ అంచునే పైకి తీసి, మెడ చుట్టూ సర్దుకున్నాడు. "మీ వంకలు మీ దగ్గరే పెట్టుకోండి బావా. అక్కా, వచ్చే ఆదివారం కూడా ఈ ఊరి డ్యూటీయే" అంటూ వెళ్లిపోయాడు.